ప్లేట్లు లేని కౌంటర్

ఏటా ఫిబ్రవరి, అంటే అమెరికాలో నల్లజాతి చరిత్ర నెల, రాగానే ఒక ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. హోటల్ కౌంటర్ ముందు గుండ్రటి స్టూళ్ళ మీద నలుగురు నల్లజాతి కుర్రాళ్ళు కూర్చుని, భుజం మీదుగా వెనక్కి తిరిగి కెమెరా వైపు చూస్తుంటారు. కింద రాసేది కూడా దాదాపు ఒకటే. 1960 ఫిబ్రవరి 1, నలుగురు విద్యార్థులు, ఒక కప్పు కాఫీ, ఒక్క ఫోటోతో అమెరికా మారిపోయింది.

అందులో తేదీ తప్పు. మనుషుల్లో ఇద్దరు తప్పు. చివరి ముక్క అన్నిటికంటే పెద్ద తప్పు. మొదటి రెండూ దిద్దడం తేలికే. నా గొడవంతా మూడోదాని గురించే.

ముందు తేలికవి చూద్దాం. ఆ సోమవారం నార్త్ కరోలినా రాష్ట్రం గ్రీన్స్‌బరోలో, ఏ అండ్ టీ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్న ఇజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెక్‌కెయిన్, జోసెఫ్ మెక్‌నీల్ సౌత్ ఎల్మ్ స్ట్రీట్‌లోని వూల్‌వర్త్ షాపుకి వెళ్ళారు. టూత్‌పేస్ట్ లాంటి చిల్లర సరుకులు కొని రసీదులు జాగ్రత్తగా దగ్గర పెట్టుకున్నారు. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో అదే షాపులోని లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. నల్లవాళ్ళకి ఇక్కడ వడ్డించం అన్నారు. ఇందాక అక్కడ మా డబ్బులు తీసుకున్నారు కదా, ఇక్కడెందుకు పనికిరావు అన్నది వీళ్ళ ప్రశ్న. షాపు మూసేదాకా కదల్లేదు. ఆ రోజు వాళ్ళు కూర్చుని ఉండగా తీసిన ఫోటో లేదు. 'గ్రీన్స్‌బరో రికార్డ్' పత్రిక ఫోటోగ్రాఫర్ జాక్ మోబెస్, వాళ్ళు షాపులోంచి బయటికొచ్చి నడుస్తుండగా ఒక ఫోటో తీశాడు. మొదటి రోజు నలుగురూ కలిసి కనిపించేది అందులోనే. ఇప్పుడు ఆ కాలేజీ ఆవరణలో నిలబెట్టిన నాలుగు విగ్రహాలకు నమూనా అదే.

మనకి వాట్సాప్‌లో వచ్చేది మర్నాడు, అంటే ఫిబ్రవరి 2న తీసింది. తీసింది మోబెస్సే. ఎడమ నుంచి మెక్‌నీల్, మెక్‌కెయిన్, బిల్లీ స్మిత్, క్లారెన్స్ హెండర్సన్. బ్లెయిర్, రిచ్‌మండ్ అందులో లేరు. ఈ హెండర్సనే అరవై ఏళ్ళ తర్వాత, 2020లో, రిపబ్లికన్ పార్టీ సభలో ట్రంప్ తరఫున మాట్లాడాడు. అది విని నా స్నేహితులు కొందరు తెగ బాధపడ్డారు. పద్దెనిమిదేళ్ళప్పుడో పంతొమ్మిదేళ్ళప్పుడో తీసిన ఒక ఫోటోకి మనిషి జీవితాంతం కట్టుబడి ఉండాలని అనుకోవడం మన అత్యాశ.

ఫోటోలో ఐదో మనిషి కూడా ఉన్నాడు. కౌంటర్‌కి అవతల, తెల్ల యూనిఫాంలో. అతనూ నల్లజాతి యువకుడే. పేరు ఛార్లెస్ బెస్. అక్కడ ఎంగిలి ప్లేట్లు తీసి, కౌంటర్ తుడిచే పని అతనిది. చాలా ఏళ్ళపాటు ఆ ఫోటో కింద నలుగురి పేర్లే వేసేవాళ్ళు. కౌంటర్‌కి ఇటు కూర్చుంటే నేరం, అటు నిలబడి చాకిరీ చేస్తే నేరం కాదు. ఈ వ్యవస్థ ఏమిటో చెప్పడానికి అతను నిలబడ్డ చోటుకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇక మూడో తప్పు. ఫోటో అమెరికాని మార్చింది అన్న మాట. ఈ మాట మీద నాకున్న అనుమానానికి రూపం ఇచ్చింది మా నాన్న.

మేముండే క్యారీ నుంచి గ్రీన్స్‌బరో కారులో గంట పైచిలుకు. ఆ వూల్‌వర్త్ భవనం 2010 ఫిబ్రవరి 1 నుంచి పౌరహక్కుల మ్యూజియంగా ఉంది. నాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. ఆయన తెనాలిలో ముప్ఫై ఏళ్ళు టిఫిన్ హోటల్ నడిపారు. ఈ ఫోటో చూపించి కథంతా చెబుతుంటే, ఆయన నా మాట వింటున్నట్టు లేరు. కాసేపయ్యాక, "ఇది ఎన్నింటికి తీశారు?" అన్నారు. రెండో రోజు కుర్రాళ్ళు పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా కూర్చున్నారని చెప్పాను.

"అదే చూస్తున్నా. భోజనాల వేళ. కౌంటర్ మీద వీళ్ళ ముందు ఒక్క ప్లేటు లేదు. నాలుగు సీట్లు నాలుగు గంటలు ఖాళీ అన్నమాట."

"ఖాళీ ఏముంది నాన్నా, కూర్చునే ఉన్నారుగా?"

"గల్లా పెట్టెకి అవి ఖాళీయేనమ్మా. తినేవాడు పావుగంటలో లేస్తాడు. ఇంకొకడు కూర్చుంటాడు. తిననివాడు కూర్చుంటే ఆ సీటు చచ్చినట్టే. పది సీట్లు ఇలా పోతే అద్దె కూడా గిట్టదు."

అంతటితో ఆగలేదు ఆయన. తాతయ్య హోటల్ నడిపే రోజుల్లో బయట పందిరి గుంజకి వేరే గ్లాసులు తగిలించి ఉండేవని, మాలపల్లి నుంచి వచ్చేవాళ్ళు అవి తీసుకుని, టీ తాగి, కడిగి, మళ్ళీ అక్కడే తగిలించి పోవాలని చెప్పారు. నేను అడగలేదు, ఆయనే చెప్పారు. "లోపలికొచ్చి బల్ల మీద కూర్చుంటే తాతయ్య ఏం చేసేవాడో నాకు తెలుసు" అని ఊరుకున్నారు.

నాన్న మాటల తర్వాత ఆ ఫోటోలో నాకు కుర్రాళ్ళ మొహాలకంటే ముందు ఆ ఉత్త కౌంటరే కనిపిస్తోంది. సిట్-ఇన్ అంటే పద్ధతిగా కూర్చుని అవమానాలు పడటం అనుకుంటాం. అది అందులో ఒక భాగం. అసలు పని మాత్రం వ్యాపారం జరిగే వేళలో, వ్యాపారం జరిగే చోట, వ్యాపారం జరగనివ్వకపోవడం. కెమెరా ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. నాలుగు గంటల ఖాళీ సీటును, ఆరు నెలల నష్టాన్ని అది ఎలా పట్టుకుంటుంది? దెబ్బ పడితే పట్టుకుంటుంది, చక్కెర నెత్తిన పోస్తే పట్టుకుంటుంది. అందుకే మనకి దెబ్బలు గుర్తుండిపోయాయి, లెక్కలు గుర్తులేవు. దెబ్బలు తినడమే అహింసా పోరాటమని, అది చూసి లోకం కరిగిపోయిందని ఒక కథ అల్లుకున్నాం.

కూర్చోవడం అన్న చిన్న విషయం అంత పెద్ద గొడవ ఎందుకైంది? ఆ షాపులోనే నల్లవాళ్ళు నిలబడి తినడానికి వేరే చోటు ఉంది. బట్టలు, పుస్తకాలు, పళ్ళపొడి ఏ కౌంటర్లోనైనా కొనుక్కోవచ్చు. తెల్లవాళ్ళ పక్కన వరసలో నిలబడవచ్చు. కూర్చుంటేనే కొంప మునిగేది. ఇదే రాష్ట్రంలోని షార్లట్‌లో హ్యారీ గోల్డెన్ అనే పత్రికాసంపాదకుడు 1956లో దీనిమీద ఒక వెటకారం రాశాడు. దక్షిణాది తెల్లవాళ్ళకి నల్లవాళ్ళ పక్కన నిలబడటానికి అభ్యంతరం లేదు, కూర్చోవడానికే ఉంది కాబట్టి, బడుల్లో కుర్చీలన్నీ తీసేసి అందరికీ నిలబెట్టి పాఠాలు చెబితే సమస్య తీరిపోతుందని. పెద్దకులాల వీధిలో చెప్పులు చేత్తో పట్టుకు నడిచిన తరం ఉన్న మన ఊళ్ళలో ఈ జోకు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

గ్రీన్స్‌బరోలో రెండో రోజు ఇరవైమందికి పైగా వచ్చారు. మూడో రోజుకి అరవై దాటారు. నాలుగో రోజుకి మూడు వందలు, పక్కనున్న క్రెస్ షాపులో కూడా కూర్చున్నారు. శనివారానికి షాపు కిక్కిరిసిపోయింది, బాంబు బెదిరింపు వచ్చి మూసేశారు. ఇందులో బెనెట్ కాలేజీ అమ్మాయిలు మొదటి వారం నుంచీ ఉన్నారు. ఆ కాలేజీ అధ్యక్షురాలు విల్లా ప్లేయర్, అమ్మాయిల్ని ఆపమని ఒత్తిడి వచ్చినా ఆపలేదు. ఏప్రిల్లో క్రెస్ దగ్గర 45 మందిని అరెస్టు చేస్తే వాళ్ళలో బెనెట్ అమ్మాయిలూ ఉన్నారు. "నలుగురు కుర్రాళ్ళు" అన్న మాటలో వీళ్ళెవరూ పట్టరు. ఎండాకాలం సెలవులకి కాలేజీ పిల్లలు ఊళ్ళకి పోతే, డడ్లీ హైస్కూలు పిల్లలు వాళ్ళ జాగాలో వచ్చారు. పోరాటం నిలిచింది అక్కడ. జూన్ ఎండలో, పత్రికలవాళ్ళు వేరే వార్తల వెంటపడి పోయాక, స్కూలు పిల్లలు షాపు ముందు అట్టలు పట్టుకుని తిరిగిన రోజుల్లో. ఆ రోజుల ఫోటో ఒక్కటైనా మీ వాట్సాప్‌కి వచ్చిందా?

చివరికి వూల్‌వర్త్‌కి ఆ ఒక్క షాపులోనే దాదాపు 2 లక్షల డాలర్ల వ్యాపారం పోయిందని లెక్క కట్టారు. అప్పటి డాలర్లు అవి. 1960 జులై 25న కౌంటర్ అందరికీ తెరిచారు. మరి ఆ నలుగురు కుర్రాళ్ళకి కాఫీ ఇచ్చారా అంటే, ఆ రోజు మొదట వడ్డించింది వాళ్ళకి కాదు. షాపు మేనేజర్ తన దగ్గర పనిచేసే నల్లజాతి ఆడవాళ్ళని మంచి బట్టలు తెచ్చుకోమని చెప్పి, యూనిఫాం మార్పించి, వాళ్ళనే మొదటి కస్టమర్లుగా కూర్చోబెట్టాడు. వాళ్ళలో ఒకామె జెనీవా టిస్‌డేల్. గుడ్డు సలాడ్ శాండ్‌విచ్ తీసుకుంది. ఆ శాండ్‌విచ్ తయారుచేసిందీ ఆమే! ఇంత పోరాటం గెలిచిన పూట ఎలా గడిచిందో చూడండి. వంటమనిషి తాను చేసిన తిండి తానే కూర్చుని తిని, లేచి మళ్ళీ పనిలోకి వెళ్ళింది. షాపు యాజమాన్యానికి కావలసింది సరిగ్గా అదే, చడీచప్పుడూ లేకుండా అయిపోవడం. లోకం గుర్తుపెట్టుకున్న ఫోటో ఏదీ ఆ రోజుది లేదు.

టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోనూ ఇంతే. అక్కడ పిల్లల్ని తయారుచేసింది జేమ్స్ లాసన్. ఆయన 1953 నుంచి 56 దాకా నాగపూర్ హిస్లప్ కాలేజీలో ఉండి, గాంధీ పద్ధతుల్ని దగ్గర నుంచి చదువుకుని వెళ్ళిన మనిషి. 1960 ఫిబ్రవరి 13న అక్కడ సిట్-ఇన్‌లు మొదలుపెట్టారు. 27న తెల్ల కుర్రాళ్ళు వచ్చి కొట్టారు, పోలీసులు కొట్టినవాళ్ళని వదిలేసి కూర్చున్న 81 మందిని అరెస్టు చేశారు. ఆ రోజు ఫోటోలు ఉన్నాయి. కానీ నగరం దిగొచ్చింది ఆ ఫోటోలకి మాత్రమే కాదు. ఈస్టర్ పండగ ముందు, అంటే మనకి దసరా దీపావళి బేరాల్లాంటి రోజుల్లో, నల్లజాతి కుటుంబాలు డౌన్‌టౌన్ షాపుల్లో కొనడం మానేశాయి. ఏప్రిల్ 19న లాయర్ అలెగ్జాండర్ లూబీ ఇంటిమీద బాంబు పడింది, వేలమంది మౌనంగా నగర కార్యాలయానికి నడిచారు. అక్కడ మెట్ల మీద డయాన్ నాష్ అనే విద్యార్థిని మేయర్‌ని నిలదీసి, ఈ వివక్ష తప్పని ఆయన నోటితోనే అనిపించింది. మే 10న ఆరు షాపులు కౌంటర్లు తెరిచాయి. ఒప్పందంలో ఒక షరతు నాకు చాలా ఇష్టం. పత్రికలవాళ్ళకి చెబుతాం, హడావిడి చేయకుండా ఉన్నది ఉన్నట్టు రాయమని కోరతాం అన్నది. గెలుపుకి ఫోటో అక్కర్లేదని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయన్నమాట.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కేసు.

1963 మే 28, మిసిసిపీ రాష్ట్రం జాక్సన్. అక్కడ కూడా వూల్‌వర్త్ కౌంటరే. టూగలూ కాలేజీ విద్యార్థులు, వాళ్ళ మాస్టారు జాన్ సాల్టర్ కూర్చున్నారు. స్థానిక పత్రిక ఫోటోగ్రాఫర్ ఫ్రెడ్ బ్లాక్‌వెల్ కౌంటర్ మీదికి ఎక్కి తీసిన ఫోటో మీరు చూసే ఉంటారు. సాల్టర్ వీపంతా కారిన సాసులు. పక్కన జుట్టు ముడివేసుకున్న తెల్లజాతి అమ్మాయి జోన్ ట్రంపావర్, ఆ పక్కన నల్లజాతి అమ్మాయి ఆన్ మూడీ. వెనక గోడలా కమ్ముకున్న కుర్రకారు. ఒకడు చక్కెర డబ్బా వంచుతున్నాడు. చాలామంది నవ్వుతున్నారు, సర్కస్ చూడ్డానికి వచ్చినట్టు. వాళ్ళలో ఎక్కువమంది బడి పిల్లలు. గంటల తరబడి ఇది నడుస్తుంటే పోలీసులు బయట నిలబడి ఉన్నారు. చివరికి టూగలూ కాలేజీ అధ్యక్షుడు వచ్చి పిల్లల్ని బయటికి తీసుకుపోయాడు.

ఇంతకంటే బలమైన సిట్-ఇన్ ఫోటో లేదు. నేను చూసినంతలో అమెరికాలో ఏ పాఠ్యపుస్తకం తీసినా ఇదే. మరి జాక్సన్‌లో ఏమైంది? ఆ కౌంటర్ మర్నాడు తెరుచుకోలేదు. రెండు వారాలకి, జూన్ 12 అర్ధరాత్రి దాటాక, ఆ ఉద్యమాన్ని నడిపిస్తున్న మెడ్గర్ ఎవర్స్‌ని సొంత ఇంటి వాకిట్లో కాల్చి చంపారు. ఏడాది తర్వాత కూడా ఆ ఊరి హోటళ్ళు మారలేదని మనవాడే ఒకాయన రుజువు చేశాడు. 1964 మే చివర్లో రామ్‌మనోహర్ లోహియా టూగలూ కాలేజీకి వచ్చి, జాక్సన్‌లో ఒక కెఫెటీరియాకి పోతే రంగు చూసి రానివ్వలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, పోలీసులు పట్టుకెళ్ళారు. అప్పటికి ఆయన లోక్‌సభ సభ్యుడు. అమెరికా ప్రభుత్వం నాలిక కరుచుకుని క్షమాపణ చెప్పింది. హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ ఇంట్లో ఆయన చుట్టూ చేరిన మన పాత సోషలిస్టుల తరం ఈ సంగతి కథలు కథలుగా చెప్పుకునేది. ఇప్పుడు డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉంటున్న తెలుగువాళ్ళలో పదిమందికైనా తెలుసో లేదో.

ఏ ఊళ్ళో బ్రహ్మాండమైన ఫోటో ఉందో అక్కడ కౌంటర్ తెరుచుకోలేదు. ఏ ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు ఊరికే కూర్చున్న ఫోటో ఉందో అక్కడ ఆరు నెలల్లో తెరుచుకుంది.

ఇంకా వెనక్కి వెళ్తే 1939లో వర్జీనియా రాష్ట్రం అలెగ్జాండ్రియాలో జరిగింది కూడా ఇదే. శామ్యూల్ టక్కర్ అనే కుర్ర లాయరు ఐదుగురు యువకుల్ని తయారుచేశాడు. తెల్లవాళ్ళ లైబ్రరీకి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి కార్డు అడిగారు, ఇవ్వనన్నారు, షెల్ఫులోంచి పుస్తకం తీసుకుని కూర్చుని చదువుకున్నారు. శుభ్రంగా సూట్లు వేసుకున్న మనుషుల్ని పోలీసులు లైబ్రరీ నుంచి బయటికి నడిపించుకు వస్తున్న ఫోటో ఉంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. నగరం ఏం చేసిందో తెలుసా? మర్నాటి ఏడాది నల్లవాళ్ళకి వేరే చిన్న లైబ్రరీ కట్టించింది. దానికి కార్డు ఇస్తామంటే టక్కర్ వద్దన్నాడు. ఫోటో ఉంది, సానుభూతి ఉంది, లైబ్రరీకి నష్టం మాత్రం లేదు. లైబ్రరీలో పుస్తకం చదివితే ఎవరి గల్లా ఖాళీ అవుతుంది?

ఇక్కడ నన్ను ఎవరైనా ఆపి, బర్మింగ్‌హామ్ సంగతేమిటి అని అడగాలి. న్యాయమైన ప్రశ్నే. 1963 మే 3న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పోలీసు కుక్క ఒక నల్లజాతి కుర్రాడి పొట్ట మీదికి ఎగబడుతుంటే ఏపీ వార్తాసంస్థ ఫోటోగ్రాఫర్ బిల్ హడ్సన్ తీసిన ఫోటో మర్నాడు 'న్యూయార్క్ టైమ్స్' మొదటి పేజీలో వచ్చింది. ఛార్లెస్ మూర్ తీసిన నీటిగొట్టాల ఫోటోలు 'లైఫ్' పత్రికలో వచ్చాయి. 1964 జులై 2న సంతకమైన పౌరహక్కుల చట్టం వెనక ఈ ఫోటోల వేడి ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఆ చట్టం వచ్చాకే జాక్సన్ లాంటి ఊళ్ళలో హోటల్ తలుపులు అందరికీ తెరవక తప్పలేదు. అదే ఊపులో మరుసటి ఏడాది వచ్చిన వలస చట్టం, భారతీయులకి ఏటా వంద అన్న కోటాను ఎత్తేసింది. మేం క్యారీలో ఇల్లు కొనుక్కుని కూర్చోగలిగామంటే ఆ చట్టమే కారణం. కాబట్టి ఫోటోలు దండగ అని నేను ఎలా అంటాను?

నేననేది వేరు. ఆ కుక్క ఫోటోనే దగ్గరగా చూడండి. కుర్రాడి పేరు వాల్టర్ గాడ్స్‌డెన్. అతను ఉద్యమంలో లేడు, చూడ్డానికి వచ్చి ఇరుక్కున్నాడు. ఫోటోలో చేతులు కిందికి వదిలేసి, పోలీసుకి తనని తాను అప్పగించుకున్న సాధువులా కనిపిస్తాడు. కొంచెం కిందికి చూస్తే అతని మోకాలు కుక్క ఛాతీకి అడ్డంగా లేచి ఉంటుంది. ఒళ్ళు కాపాడుకుంటున్నాడు. అరవై ఏళ్ళుగా జనం అతని మోకాలు వదిలేసి మొహమే చూస్తున్నారు. ఎందుకంటే మనకి సాధువే కావాలి. ఉత్తరాది తెల్ల పాఠకుడికి ఆ ఫోటో చెప్పింది ఏమిటంటే, దుర్మార్గులు అక్కడెక్కడో దక్షిణాదిలో కుక్కలు పట్టుకుని ఉన్నారు, నువ్వు మంచివాడివి, నీకు జాలి కలిగింది కదా, చాలు. అదే నగరంలో అదే వారం నల్లవాళ్ళు ఈస్టర్ ముందు నుంచీ డౌన్‌టౌన్ షాపుల్లో కొనడం మానేశారన్న సంగతి, షాపు యజమానులే కంగారుపడి రాజీకి వచ్చిన సంగతి ఏ ఫోటోలోనూ లేదు.

దీనివల్ల మనకి ఈ రోజు జరుగుతున్న నష్టం ఒకటుంది. ఎక్కడ ఎవరు రోడ్డు మీద కూర్చున్నా, రైతులైనా విద్యార్థులైనా, మా గ్రూపులో ఒకాయన ఠంచనుగా పెట్టే మెసేజ్ ఉంటుంది. "నిరసన తెలపండి, కాదనం, జనానికి ఇబ్బంది లేకుండా చేయండి. మార్టిన్ లూథర్ కింగ్‌ని చూసి నేర్చుకోండి." అయ్యా, ఇబ్బంది పెట్టడమే వాళ్ళ పని! 1961లో అభిప్రాయ సేకరణలు చేసే గాలప్ సంస్థ ఈ సిట్-ఇన్‌లు, బస్సుల్లో వివక్షని ధిక్కరించే యాత్రలు నల్లవాళ్ళకి మేలు చేస్తాయా కీడు చేస్తాయా అని అమెరికన్లని అడిగితే, కీడే అన్నవాళ్ళు 57 శాతం. మేలు అన్నవాళ్ళు 28 శాతం. ఇవాళ అందరం దండలు వేసే ఫోటోల కాలపు సంగతే ఇది. మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్, సైన్యంలో జాతివివక్షని రద్దు చేసిన మనిషి, తన కొట్టుకొచ్చి ఎవరైనా ఇలా వ్యాపారం ఆపితే బయటికి గెంటేస్తానన్నాడు. ట్రూమన్ ఒకప్పుడు కాన్సస్ సిటీలో బట్టల కొట్టు పెట్టి, నష్టపోయి మూసేసినవాడు. మా నాన్నలాగే ఆయనకీ ఆ స్టూళ్ళ మీద ఏం జరుగుతోందో వెంటనే అర్థమైంది. కోపం వచ్చింది. ఫోటో చూసి ముచ్చటపడే మనకంటే ఆయనే ఆ పిల్లల్ని సీరియస్‌గా తీసుకున్నాడు అనిపిస్తుంది నాకు.

ఇంకో మాట. కెమెరా ఎప్పుడూ బాధితుల పక్షానే ఉందనుకోవడం కూడా పొరపాటు. మిసిసిపీ ప్రభుత్వం 'సావర్నిటీ కమిషన్' పేరుతో ఒక గూఢచారి సంస్థ నడిపింది. 1998లో బయటపడ్డ దాని ఫైళ్ళలో ఉద్యమకారుల ఫోటోలు గుట్టలు గుట్టలు. కొన్నిటిలో ఒక్కో మనిషి మీదా ఒక్కో అంకె వేసి, ఎవరు ఎవరో గుర్తించిన జాబితాలు. పేరు దొరికితే ఉద్యోగం ఊడుతుంది, ఇంట్లో తల్లిదండ్రులకి అప్పు పుట్టదు. మెంఫిస్‌లో ఉద్యమాన్ని మొదటినుంచీ చివరిదాకా ఫోటోలు తీసిన ఎర్నెస్ట్ విదర్స్, అందరికీ నమ్మకమైన నల్లజాతి ఫోటోగ్రాఫర్, ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చేవాడని ఆయన పోయాక 2010లో బయటపడింది. ఆయన ఫోటోలు అబద్ధాలైపోతాయా అంటే, పోవు. చూసేటప్పుడు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది.

ఈ సంగతి విద్యార్థులకి తెలియక కాదు. అందుకే వాళ్ళే సొంత ఫోటోగ్రాఫర్లని పెట్టుకున్నారు. 1960 ఏప్రిల్లో ఉద్యమ నాయకురాలు ఎల్లా బేకర్ చొరవతో పుట్టిన విద్యార్థుల సంఘం, అందరూ 'స్నిక్' అని పిలిచేది, 1962లో డానీ లయన్ అనే షికాగో యూనివర్సిటీ కుర్రాణ్ణి చేర్చుకుంది. అతను ఇల్లినాయ్ రాష్ట్రంలోని కైరో అనే ఊళ్ళో, ఒక ఈతకొలను ముందు మోకాళ్ళ మీద కూర్చున్న ముగ్గుర్ని తీసిన ఫోటోని పోస్టర్ చేసి అమ్మి, వచ్చిన డబ్బు సంఘానికి వాడారు. అందులో ఒకరు తర్వాత కాంగ్రెస్ సభ్యుడైన జాన్ లూయిస్. ఫోటో తమ పని చేసిపెడుతుందని ఎదురుచూడకుండా, ఫోటోని తమ పనిలో పెట్టుకున్నారు. ఈ తేడా నాకు ముఖ్యం.

నన్నడిగితే సిట్-ఇన్‌ల గురించి ఒకే ఒక్క ఫోటో చూపించాల్సి వస్తే 1960లో హోవర్డ్ సొచురెక్ 'లైఫ్' పత్రిక కోసం వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లో తీసినవాటిలో ఒకటి చూపిస్తాను. ఒక నల్లజాతి విద్యార్థి కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు అతని ముఖం మీద సిగరెట్ పొగ ఊదుతున్నారు, మీద పడి వేధిస్తున్నారు. ఆ ఊదేవాళ్ళు కూడా నల్లజాతి ఉద్యమకారులే. అది రిహార్సల్. రేపు నిజంగా తెల్లకుర్రాడు ఊదినప్పుడు చెయ్యి లేవకుండా ఉండటానికి ఈ రోజు స్నేహితుడి చేత ఊదించుకోవడం. నాష్‌విల్‌లో లాసన్ చర్చి గదుల్లో వారాల తరబడి చేయించింది ఇదే. ఒకళ్ళు తిట్టాలి, తొయ్యాలి, ఇంకొకళ్ళు పడాలి, మళ్ళీ లేచి కూర్చోవాలి. నిటారుగా కూర్చో, కౌంటర్ వైపే చూడు, తిరిగి కొట్టకు, తిరిగి తిట్టకు అని అక్కడి విద్యార్థులు కాగితం మీద రాసి పంచుకున్నారు. స్నేహితుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టే వేషం కట్టడం, తిట్లు పడటం కంటే కష్టమై ఉంటుంది. ఆ ధైర్యం ఊరికే పొంగుకొచ్చింది కాదని, కూడబలుక్కుని, లెక్క వేసుకుని, సాధన చేసి తెచ్చుకున్నదని అందులో కనిపించినట్టు ఇంకెందులోనూ కనపడదు.

మా అమ్మాయికి బడిలో ఫిబ్రవరి ప్రాజెక్టు వచ్చినప్పుడు ఇదంతా చెప్పి ఆ ఫోటోయే ప్రింటు తీసి ఇచ్చాను. శ్రద్ధగా వింది. విని జాక్సన్ ఫోటో అతికించింది. "అమ్మా, నీ ఫోటో దగ్గర ఎవరూ ఆగరు. అదేంటో చెప్పేలోపు పక్క బోర్డుకి వెళ్ళిపోతారు" అంది. గంటసేపు వాదించాను, వినలేదు. కింద క్యాప్షన్ మాత్రం నన్ను రాయనిచ్చింది. అందులో సాల్టర్, ట్రంపావర్, మూడీ పేర్లు వేశాను. 1962 డిసెంబర్ నుంచే ఆ ఊళ్ళో నల్లవాళ్ళు క్యాపిటల్ స్ట్రీట్ షాపుల్ని బహిష్కరించారని, ఈ పిల్లలు కూర్చునేనాటికి అది ఆరో నెల అని రాశాను. నా రాత కాస్త ఎక్కువైందట, ఫోటో అంచు కొంచెం కత్తిరించి చోటు చేసింది.